అప్పగింతచోటి ధర్మము

(భిలాయి-3 యార్డులో పనిచేసి గతించిన రైల్వే కార్మికుల స్మృత్యర్థము చేసిన ఉపన్యాసపు పాఠము)



స్మారకోపన్యాసము సామాన్యముగా ఒక ప్రసిద్ధ పురుషుని పేర జరుగును. నేటి ఉపన్యాసము మాత్రము పార్వతీపురము, బొబ్బిలి, విజయనగరము, పలాస ప్రాంతముల నుండి ఇనుపదారి వెంబడి చరోదా చేరి, ఎండనక, వాననక, అర్ధరాత్రమనక ఈ భిలాయి మార్షలింగ్ యార్డు (బి.ఎం.వై.)లో వ్యాగన్లను విడదీసి, కూర్చి, లెక్కించి, దీపము చూపి సాగనంపిన పాయింట్స్‌మన్లకు, షంటర్లకు, గార్డులకు, వ్యాగన్ల సంఖ్యలు వ్రాసికొను గుమాస్తాలకు అంకితమైనది. వారిలో అనేకుల పేర్లు నేడు వారి కుటుంబములకు తప్ప తెలియవు. కాని వారు చేసిన పని యెట్టిదో విచారించినచో, నేటి వాణిజ్యలోకము మిక్కిలి శ్రమతో అభ్యసించుచున్న ఒక విద్య వారికి నిత్యకృత్యమై యుండెనని తేటపడును. ఆ విద్యయే నేటి ప్రసంగవిషయము: సరకు రవాణా సంస్థలు రెండో మూడో కలిసి పనిచేయవలసి వచ్చినపుడు ఆ పొత్తును ఎట్లు కూర్చవలెను, కూర్చిన పిమ్మట ఎట్లు నడుపవలెను అనునది.

నా అభిప్రాయమును ముందుగనే మీ యెదుట ఉంచెదను. రవాణాపొత్తు నిలుచుటయు కూలుటయు సరకు ఒక చేతి నుండి మరియొక చేతికి మారు చోటనే నిర్ణయమగును. వాటాలెన్ని, పెట్టుబడి యెంత, పాలకవర్గమున ఎవరికెన్ని స్థానములు అనునవి ముఖ్యములే. అయినను, అప్పగింతచోట లెక్కించువారెవరు, వేచియుండువారెవరు, ఆ నిరీక్షణకు మూల్యము చెల్లించువారెవరు, తగవు పుట్టినపుడు తీర్పు చెప్పువారెవరు అను ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన సమాధానము లేని పొత్తు ఎంత ధనముతో, ఎంత సంరంభముతో ఆరంభమైనను చిరకాలము మనజాలదు.

ఈ ప్రదేశమునకును విశాఖపట్టణమునకును గల సంబంధము ఉక్కు కర్మాగారము కంటె పాతది. ఒకప్పుడు మధ్యపరగణాలనబడిన ఈ ప్రాంతపు ఖనిజములకు, ముఖ్యముగా మాంగనీసునకు, సమీపమున సముద్రద్వారము లేకుండెను. కలకత్తాయు దూరము, బొంబాయియు దూరము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ విజయనగరము నుండి పార్వతీపురము వరకు వేసిన దారిని తూర్పుకనుమల మీదుగా పొడిగించి 1931 నాటికి రాయపురము చేర్చెను. ఆ కంపెనీయే 1927కును 1933కును మధ్య విశాఖపట్టణమున లోపలి నౌకాశ్రయమును నిర్మించెను. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ యను ఓడ ఆ రేవున తొలిసారి ప్రవేశించెను. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. నిర్మాణమునకైన వ్యయము 378 లక్షల రూపాయలు. ఇందు గమనింపదగినది, దారి వేసినదియు రేవు కట్టినదియు ఒకే సంస్థ యగుట. రైలు కొరకు రేవు వేచినను, రేవు కొరకు రైలు వేచినను నష్టము ఒకే ఖాతాలో పడెడిది. కావున ఎవరిది తప్పు అను ప్రశ్న కంటె, నష్టమును తగ్గించుట యెట్లు అను ప్రశ్న ముందు వచ్చెడిది.

ఆ స్థితి ఎక్కువకాలము నిలువలేదు. 1944లో కంపెనీ ప్రభుత్వపరమయ్యెను. 1955లో ఆగ్నేయ రైల్వే అను పేర వేరు జోను ఏర్పడెను. రేవు వేరొక యాజమాన్యము క్రిందికి పోయెను. ఆ 1955లోనే, ఫిబ్రవరి 2న, భారత సోవియట్ ప్రభుత్వముల మధ్య భిలాయి కర్మాగారమునకై ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. అటుపిమ్మట 2003లో రైల్వే జోనుల పునర్విభజనమున మనము బిలాస్‌పూర్ కేంద్రముగా గల జోనులోనికి వచ్చితిమి. రాయపురము అవతల విజయనగరపు దారి భువనేశ్వరము కేంద్రముగా గల జోనులోనికి పోయెను. ఒక యింటి లోపల సాగిన పని ఇప్పుడు ఓడ యజమానికిని, రేవునకును, రెండు రైల్వే జోనులకును, కర్మాగారమునకును నడుమ నాలుగు అప్పగింతల వ్యవహారమైనది. ఇట్టి విభజనము తప్పని నేననను. పాలనకు అది యవసరమై యుండవచ్చును. గోడ కట్టినచోట తలుపు కూడ పెట్టవలెనని మాత్రమే నా మనవి.

ఆ తలుపును ఎట్లు పెట్టవలెనో పూర్వపు రైల్వేకంపెనీలకు చక్కగా తెలియును. వాటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క స్వతంత్రరాజ్యము వంటిది. అయినను ఒక కంపెనీ వ్యాగను మరియొక కంపెనీ దారి మీద ప్రయాణింపక తప్పదు. జంక్షనులో సరకునంతయు దించి వేరొక వ్యాగనులో ఎక్కించుట కూలికిని కాలమునకును చేటు. అయితే పరాయి కంపెనీ వ్యాగను మన దారిమీద ఎన్ని దినములున్నది? దాని బ్రేకు ఎవరి దారిలో పాడైనది? ఖాళీ వ్యాగనును తిరిగి యిచ్చుటలో ఎవరు జాగు చేసిరి? ఇవి కోట్ల సొమ్ముతో కూడిన ప్రశ్నలు. వీని పరిష్కారమునకై ఇరువదవ శతాబ్దారంభమున ఆ కంపెనీలన్నియు కలిసి ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్ అను సంఘమును ఏర్పరచుకొని, వ్యాగన్ల మార్పిడికి ఉమ్మడి నియమావళిని వ్రాసికొనినవి. పరాయి వ్యాగనును ఉంచుకొనిన దినములకు అద్దె యిచ్చుట, జంక్షను వద్ద ఇచ్చిపుచ్చుకొనిన వ్యాగన్లకు నిలువలెక్క కట్టుట, పాడైన భాగములకు నియతమైన వెల కట్టుట అందలి విధులు. అన్నిటి కంటె మిన్నయైన ఏర్పాటు మరొకటి కలదు. మార్పిడి జంక్షనులలో వ్యాగన్లను లెక్కించుటకును, వాని లోపములను పరీక్షించుటకును ఇరుపక్షములలో దేనికిని చెందని తటస్థ సిబ్బందిని ఆ సంఘము నియమించెను. ఇచ్చువాని లెక్కను పుచ్చుకొనువాడు నమ్మనక్కరలేదు. పుచ్చుకొనువాని ఫిర్యాదుకు ఇచ్చువాడు తల వంచనక్కరలేదు. మూడవవాని పుస్తకము ఇద్దరికిని ప్రమాణము.

ఈ యేర్పాటులోని వివేకమును నేను ఎంత పొగడినను తక్కువయే. పొత్తునకు పరస్పరవిశ్వాసము మూలమని ఉపన్యాసములలో చెప్పుదుము. కాని విశ్వాసము తొలినాడే చేతికి వచ్చు ధనము కాదు. తగవు వచ్చినపుడు న్యాయము జరిగినదను అనుభవము పదేపదే కలుగగా మెల్లగా కూడునది. ఆ అనుభవమునకు వీలు కల్పించునది తటస్థుని పుస్తకము. ఐరోపాలో 2011 మొదలు 2014 వరకు ఆ ఖండపు ఐక్యసంఘము ధనసహాయముతో సాగిన ‘కో3’ అను పరిశోధనపథకము, రవాణాలో సహకరింపదలచిన సంస్థలకు నడుమ ‘తటస్థ ధర్మకర్త’ యుండవలెనని ప్రతిపాదించినది. అది చదివినపుడు నాకు మన జంక్షనులలో టోపీ ధరించి, చాక్‌పీసుతో వ్యాగను మీద గుర్తు వేయుచు నడచిన తటస్థ పరీక్షకులే స్ఫురించిరి. నూరేండ్ల క్రిందటి ఆ పద్ధతిని నేటి ట్రాన్స్‌పోర్టు సంస్థలు తమ ఒప్పందములలో ఏల చేర్చుకొనవో నాకు బోధపడదు.

ఇప్పుడు భిలాయి ప్రాణాధారమైన బొగ్గు సంగతి చూతము. ఇనుపరాయి దల్లీ రాజహరా గనుల నుండియు, సున్నపురాయి నందిని నుండియు వచ్చును, ఇవి చేరువలోనివి. కోకింగ్ బొగ్గులో పెద్దభాగము ఆస్ట్రేలియా మొదలగు దేశముల నుండి ఓడలలో విశాఖ, గంగవరము మొదలగు రేవులకు వచ్చి, అచ్చటి నుండి ఐదువందల కిలోమీటర్లకు మించిన కొండదారిలో రేకులలో, అనగా ఒకటిగా సాగు వ్యాగన్ల వరుసలలో, ఇచ్చటికి చేరును. డెబ్బదివేల టన్నుల ఓడ ఒకటి వచ్చినదనుకొందము. ఒక రేకు మూడువేల ఐదువందల నుండి నాలుగువేల టన్నుల వరకు మోయును. అనగా ఆ యొక్క ఓడ దాదాపు ఇరువది రేకులకు సమానము. ఓడను అద్దెకిచ్చిన ఒప్పందమున సరకు దించుటకు నియతకాలముండును. అది దాటినచో దినమునకింతయని డెమరేజి పడును. ముందుగా ముగించినచో, సామాన్యముగా డెమరేజి రేటులో సగము, ‘డిస్పాచ్’ సొమ్ముగా తిరిగి వచ్చును. రైలు పక్షమున వ్యాగనుకు గంటకింతయని వేరే డెమరేజి కలదు. కర్మాగారములో బొగ్గు దించు టిప్లరునకు దాని వేగము దానికి కలదు. వర్షాకాలమున తడిసిన బొగ్గు వ్యాగను అడుగునకు అంటుకొని దిగదు, ఆ వేగము ఇంకను మందగించును.

ఇచ్చట ఒక విషచక్రమును గమనింపుడు. టిప్లరు మందగించిన దినమున కర్మాగారపు లోపలి దారులు నిండును. నిండగనే బొగ్గుతో వచ్చిన రేకులు బయట యార్డులో, అదియు నిండిన పిమ్మట వెనుకటి స్టేషనులలో నిలిచిపోవును. ఇచ్చట నిండు వ్యాగన్లు నిలిచినకొలది విశాఖలో ఖాళీ వ్యాగన్లకు కరవు వచ్చును. అచ్చట రేవుప్లాటు నిండి ఓడ దించుట ఆగును; ఓడకు డెమరేజి ఆరంభమగును. ఇంత జరిగినను ఏ పక్షపు లెక్కపుస్తకములోను తప్పు కనబడదు. రేవు తన గడియారమును, రైల్వే తన గడియారమును, కర్మాగారము తన గడియారమును సరిగనే చూచుకొన్నవి. ఓడ లంగరు వేసిన క్షణము మొదలు చివరి వ్యాగను ఖాళీయగు క్షణము వరకు నడచు గడియారము ఎవరి గోడకును లేదు. పొత్తును కూర్చువారు తొలుత చేయవలసిన పని ఆ ఉమ్మడి గడియారమును తగిలించుటయే. ఎవరి అంగణములో ఎన్ని గంటలు గడచినను, మొత్తము కాలము తగ్గినపుడు అందరికిని లాభములో భాగము, పెరిగినపుడు అందరికిని నష్టములో భాగము వచ్చునట్లు నియమము వ్రాయవలెను. ఓడ ఒప్పందములలోని డిస్పాచ్ సొమ్ము వంటి బహుమానము ఇందుకు మంచి యాదర్శము. మన దేశమున నేల మీది రవాణా ఒప్పందములు జాగునకు దండనము వేయుటలో నిపుణములు. త్వరితముగా చేసినవానికి కృతజ్ఞత చూపుటలో మాత్రము మిక్కిలి కృపణములు. దండనము మాత్రమే యున్నచోట మనుష్యులు పని త్వరపెట్టుటకు మారుగా తప్పును పక్కవాని మీదికి త్రోయుటకు తెలివిని వెచ్చింతురు.

నేనెరిగిన యొక పొత్తు ఇట్లే చెడినది. రెండు ట్రాన్స్‌పోర్టు సంస్థలు, పేర్లతో పనిలేదు, వైర్‌రాడ్ చుట్టలను సగము దూరము ఒకరు, సగము దూరము మరియొకరు మోయుటకు ఒప్పందము చేసికొన్నవి. వాటాలను గూర్చియు, కిరాయి పెంపును గూర్చియు, న్యాయస్థానపు పరిధిని గూర్చియు పుటలకొలది వ్రాసికొనిరి. మధ్యగోదాములో సరకు మారునపుడు దాని స్థితిని ఎవరు చూచి వ్రాయవలెనో ఒక్క పంక్తియు వ్రాసికొనలేదు. ఆ వర్షకాలమున చుట్టలకు తుప్పు పట్టినది. పొడిగా అప్పగించితిమని ఒకరు, తడిసినవే వచ్చినవని వేరొకరు. బిల్టీ మీద ఇద్దరి సంతకములును గలవు; టార్పాలిను కప్పియున్నదా, లేదా యనుట దాని మీద లేదు. కొన్నవాడు సొమ్ము నిలిపివేసెను. డ్రైవర్ల కిరాయిలు నిలిచిపోయెను. పెద్దలు మధ్యవర్తిత్వము చేయబోయిరి గాని, చూచిన సాక్షి లేని తగవును తీర్చుట యెవరితరము? తుప్పు పట్టిన సరకు విలువకంటె ఆ ఇద్దరు యజమానులు కోల్పోయిన భావివ్యాపారము ఎన్నో రెట్లు. ఒక గుమాస్తాయు, ఒక ఛాయాచిత్రమును, ఇరువురు అంగీకరించిన ఒక చిన్న పత్రమును దానిని నివారించి యుండెడివి.

లారీల పొత్తులలో మరియొక ప్రశ్న ముందుకు వచ్చును: మిగిలిన సొమ్మును పంచుకొనుట. మన దేశమున లారీ యజమానులలో అధికసంఖ్యాకులు ఐదు బండ్లకు మించని చిన్నవారు. భిలాయి నుండి ఉక్కుతో విశాఖకు పోయిన బండి ఖాళీగా తిరిగివచ్చుటయు, విశాఖ నుండి ఎరువులతో రాయపురము వచ్చిన వేరొకని బండి ఖాళీగా మరలిపోవుటయు దారిలో రెండు ఖాళీబండ్లు ఒకదాని కొకటి ఎదురగుటయు మనము నిత్యము చూచు వ్యర్థవ్యయము. లెక్క సౌలభ్యమునకై ఒక్కొక్క బండికి రాకపోకల ఖర్చు 60,000 రూపాయలనుకొందము, ఇద్దరిదియు 1,20,000. రిటర్న్ లోడు కూర్చుకొని ఒకే బండి రెండు పనులును చేసినచో, ఎక్కింపుదింపులలోని నిరీక్షణతో కలిపి 70,000 అయినదనుకొనుడు. మిగులు 50,000. దీనిని ఎట్లు పంచవలెను? పెద్ద యజమాని తన బండ్ల సంఖ్యననుసరించి పంచుమనును; చిన్న యజమాని చెరిసగమనును. 1953లో లాయిడ్ షేప్లీ అను అమెరికా గణితవేత్త ఇట్టి ప్రశ్నకు ఒక సూత్రము కనుగొనెను. తర్వాత, 2012లో, ఆయనకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. పొత్తులో ఒక్కొక్కరు వచ్చి చేరుటవలన లాభము ఎంత పెరుగునో, చేరిక క్రమములన్నిటిని లెక్కించి సగటు తీయుమనునది దాని సారము. ఇద్దరే యున్నపుడు ఆ సూత్రము చెరిసగమే యిచ్చును, ఏలయన ఏ యొక్కడు తప్పుకొన్నను మిగులు శూన్యము. చిన్న యజమాని న్యాయబుద్ధి గణితశాస్త్రముతో ఏకీభవించుట నాకు సంతోషకరము. అయితే ఒక్క సవరణ అవసరము. రిటర్న్ లోడు కొరకు రెండు దినములు పడిగాపులు పడినవాని నష్టమును ముందుగా మిగులు నుండి తీసి, ఆ పిమ్మటనే పంచవలెను. వేచియున్న బండికి కిస్తీ ఆగదు. డ్రైవరు భోజనము ఆగదు. ఈ సవరణ చేయని పొత్తులో చిన్నవాడే యెప్పుడును వేచియుండును, పెద్దవాడే యెప్పుడును లాభపడును. కొలదికాలమునకు చిన్నవాడు చెప్పకయే జారిపోవును.

పెద్ద సంస్థల చరిత్రము నుండి కూడ కొంత నేర్వవచ్చును. 1958లో కలకత్తాలో ఒక్క లారీతో ఆరంభమై, నేడు సికింద్రాబాదులో నమోదిత కార్యాలయము గల ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, జపాను దేశపు మిత్సుయితో కలిసి ట్రాన్‌సిస్టమ్ అను ఉమ్మడి సంస్థను స్థాపించి, బెంగుళూరు సమీపమున బిడదిలోని టయోటా కర్మాగారమునకు విడిభాగములు చేరవేయు పని చేపట్టెను. ఒకే బండి అనేక సరఫరాదారుల యొద్ద నియమిత నిమిషమునకు ఆగి, కొంచెము కొంచెముగా సరకు ఎత్తుకొని, కర్మాగారమున నియమిత నిమిషమునకు దించవలెను. ఈ పొత్తులో మిత్సుయికి కాలనియమము తెలియును, మనవారికి దారులును డ్రైవర్లును తెలియును. ఒకరికి తెలిసినది మరియొకరికి తెలియకపోవుటయే ఇచ్చట బలము. ఇద్దరికిని ఒకటే తెలిసి, ఇద్దరికిని ఒకటే తెలియని పొత్తులో పోటీ మిగులును గాని పూర్తి చేకూరదు.

హైదరాబాదు కేంద్రముగా 1989లో ఆరంభమైన గతి సంస్థ 2012లో జపానువారి కింటెట్సు వరల్డ్ ఎక్స్‌ప్రెస్‌ను తన ఎక్స్‌ప్రెస్ రవాణా వ్యాపారమున భాగస్వామిగా చేర్చుకొనెను. వాటాలు డెబ్బదికి ముప్పది. 2020 నాటికి గతి యాజమాన్యము ఆల్‌కార్గో చేతికి వచ్చెను. 2023లో కింటెట్సు వాటాను సైతము ఆల్‌కార్గో కొనెను. దీనిని వైఫల్యమని కొందరందురు, నేననను. ఒక పొత్తు కొన్నేండ్లు పనిచేసి, వాటాలు చేతులు మారి, సేవ మాత్రము సాగినచో అది మర్యాదగల ముగింపు. పొత్తునకు అంతమెట్లో ఆరంభముననే వ్రాసికొనుట అమంగళమని మన వ్యాపారులలో ఒక సంకోచము కలదు. ఓడల లోకము ఆ సంకోచమును విడిచినది. మెర్స్క్, ఎం.ఎస్.సి. అను మహాసంస్థలు 2015 మొదలుగా నడిపిన ‘2ఎం’ పొత్తునకు కనీసము పది సంవత్సరముల కాలమును, రెండేండ్ల ముందస్తు నోటీసును నియమించుకొనినవి. 2023 జనవరిలో నోటీసు ప్రకటించి 2025 జనవరిలో విడిపోయినవి. సరకు ఎచ్చటను నడిసముద్రమున నిలువలేదు. దీనికి విరుద్ధమైన ఉదాహరణము కొరియా దేశపు హాంజిన్. 2016 ఆగస్టు 31న ఆ సంస్థ దివాలా రక్షణ కోరుట తోడనే, రేవు రుసుములు ఎవరు చెల్లింతురో తెలియక అనేక రేవులు దాని ఓడలను రానీయలేదు. పొత్తులో చేరిన ఇతర సంస్థల కంటెయినర్లు కూడ ఆ ఓడలలో చిక్కుకొనెను. భాగస్వామి ఆర్థికస్థితిని మూడు మాసములకొకసారి చూపుమని కోరుట అవిశ్వాసము కాదు, తన సరకును మనకు నమ్మియిచ్చినవానిపట్ల కర్తవ్యము.

అంతమును ముందే ఊహించిన పొత్తునకు మన కర్మాగారము కంటె మంచి నిదర్శనము వెదుకనక్కరలేదు. సోవియట్ ఋణమునకు నూటికి రెండున్నర వడ్డీ, పండ్రెండేండ్ల వాయిదాలు అను ఉదారనియమములను అందరును జ్ఞాపకముంచుకొందురు. దానికంటె విలువైనది, మన యింజనీర్లు ఆ దేశమునకు పోయి శిక్షణ పొందుటయు, వారి నిపుణులు ఇచ్చటికి వచ్చి మనవారి పక్కన నిలిచి పని నేర్పి, క్రమముగా తప్పుకొనుటయు. సహాయకుడు తన అవసరము లేకుండ చేసి వెడలిపోవుటకు ప్రణాళిక వేసికొన్న పొత్తు అది. నేటి రవాణా ఒప్పందములలో ఒక పక్షము తన కంప్యూటరు పద్ధతిని రెండవపక్షము నేర్వకుండ దాచుకొని, ఆ అజ్ఞానమునే బంధనముగా వాడుకొనుట తరచు చూతుము. సరకు రాకపోకల సమాచారమునకై రైల్వేవారు 1986లోనే క్రిస్ అను సంస్థను నెలకొల్పి పిమ్మట ఎఫ్.ఓ.ఐ.ఎస్. పద్ధతిని నడుపుచున్నారు, 2022 సెప్టెంబరున జాతీయ లాజిస్టిక్స్ విధానముతో పాటు యులిప్ అను ఉమ్మడి సమాచారవేదికయు వచ్చినది. రేకు ఎచ్చటనున్నదో తెలియకపోవుట ఇక సాకు కాజాలదు.

దల్లీ రాజహరా నుండి రావ్‌ఘాట్‌కు, అచ్చటి నుండి జగదల్‌పూరుకు వేయదలచిన దారిని గూర్చి ఒక మాట. 2007లో రైల్వే, సెయిల్, ఎన్.ఎం.డి.సి., ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము కలిసి ఒడంబడిక చేసికొనిరి. అంతాగఢ్ వరకు ప్రయాణికుల బండి 2022లో నడచెను. అడవి యనుమతులు, భద్రత అను విషయములు ఏ భాగస్వామికిని పూర్తిగ వశములో లేనివి. అట్టి ఆపదలను ఒకరిపై త్రోయక అందరి ఖాతాలోను వ్రాసికొనవలెనని నా నమ్మకము.

ఇక నడిపించుట. ఒప్పందము వ్రాసిన అధికారులు మూడు నాలుగేండ్లలో బదిలీయగుదురు. యజమానుల కుమారులు వచ్చి కొత్త లెక్కలు అడుగుదురు. అప్పగింతచోట నిలుచు ఇద్దరు చిన్నయుద్యోగులు మాత్రము దీర్ఘకాలము ఉందురు. పొత్తు యొక్క జ్ఞాపకశక్తి వారియందే కలదు. వారానికొకసారి ఆ యిద్దరును కూర్చుండి, ఆ వారము ఎచ్చట ఎన్ని గంటలు పోయినవో ఒకే కాగితము మీద వ్రాసి, ఇద్దరును సంతకము చేసి, ఇరు యజమానులకును ఒకే ప్రతిని పంపవలెను. పై వారు కిందివారి కాగితమును నిందకు వాడక నివారణకు వాడవలెను. ఒకసారి నిందకు వాడినచో మరునాటి నుండి ఆ కాగితమున సత్యముండదు. పై స్థాయి సమావేశములు మూడు మాసములకొకటి చాలును. ఆ చిన్నయుద్యోగులకు పది పదిహేను వేల రూపాయల విలువగల తగవును అక్కడికక్కడనే తీర్చు అధికారము కూడ ఇవ్వవలెను. అట్టి చిల్లర తగవులు పై అధికారుల బల్ల చేరునాటికి పరువు తగవులుగా మారును.

రాయపురమును విశాఖపట్టణమును కలుపు 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి నిర్మాణములో నున్నది. అది తెరచిన నాడు కొండదారి రాత్రులు తగ్గును, లారీల రాకపోకలు పెరుగును. రైలునకును రోడ్డునకును నడుమ, ఇచ్చటి యజమానులకును అచ్చటి యజమానులకును నడుమ కొత్త పొత్తులు అనివార్యముగ పుట్టును. పెద్ద సంస్థలు తమ నియమములను వ్రాసికొని వచ్చి చిన్నవారి చేత సంతకము చేయించుకొను రోజు వచ్చుటకు ముందే, భిలాయి, రాయపురము, విజయనగరము, విశాఖల లారీ యజమానుల సంఘములు ఒకచోట కూడి, అప్పగింత పత్రమును, నిరీక్షణ వెలను, రిటర్న్ లోడు పంపకమును, తటస్థ లెక్కగాని నియామకమును తామే వ్రాసికొనవలెనని నా ప్రార్థన. ఆ సభకు ఈ యార్డులో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధులను తప్పక పిలువుడు. నియమావళి తొలి పుటను వారిచేత వ్రాయింపుడు.